పడవ లెక్కలు

అంకగణితమున విద్యార్థులకు భీతి గొలుపు ప్రకరణములు రెండు మూడు గలవు. నదీప్రవాహమును గూర్చిన లెక్కలు వానిలో నొకటి. ఈ లెక్కలు స్వభావముచేత కఠినములని మేము తలంపము; వీనిని నేర్చుకొను తీరునందే లోపము గలదు. "ఏటివాలున బోవునపుడు కూడవలెను, ఏటి కెదురుగ బోవునపుడు తీసివేయవలెను" అను రెండు ముక్కలను కంఠస్థము చేసికొని విద్యార్థి పరీక్షకు బోవును. ప్రశ్న ఆ రెండు ముక్కలకు లోబడిన నాడు మార్కులు వచ్చును. కొంచెము రూపు మార్చుకొని వచ్చిన నాడు కలము ఆగిపోవును. కూడుట యెందులకు, తీసివేయుట యెందులకు అని యడిగినచో బదులు చెప్పగలవారు తరగతికి ఇద్దరు ముగ్గురుకంటె నుండరు.

ఈ వ్యాసమున మేము క్రొత్త సూత్రములను జెప్పబోవుట లేదు. ఒకే యొక ప్రశ్నను విద్యార్థుల చేతి కిచ్చి, దానితోనే ఈ ప్రకరణమంతయు నడువవచ్చునని చూపదలచితిమి. ఆ ప్రశ్న యేదనగా: "ఈ వేగము దేనినిబట్టి చెప్పబడినది?" బస్సు గంటకు 40 కిలోమీటర్లు పోవుచున్నదన్నప్పుడు అది రోడ్డునుబట్టి చెప్పిన మాట. పడవ గంటకు 10 కిలోమీటర్లు పోగలదన్నప్పుడు అది నీటినిబట్టి చెప్పిన మాట. గట్టుమీద నిలుచున్నవానికి ఆ 10 అను సంఖ్యతో నేరుగ సంబంధము లేదు. ఈ భేదమును గుర్తింపకపోవుటయే ఈ లెక్కలలోని తప్పులకు మూలము. ఇంటివద్ద పిల్లలకు పాఠములు చెప్పు తల్లిదండ్రులకు గూడ పనికివచ్చునని కొంత విపులముగనే వ్రాయుచున్నాము. ఏటి యొడ్డున నివసించువారికి ఇది పరీక్షతో ముగియు విషయము కాదు. ఆ సంగతి ముందు తెలియగలదు.

మొదట నీటిని విడిచి రోడ్డుమీదికి వత్తము. విజయవాడకును రాజమహేంద్రవరమునకును నడుమ దూరము 150 కిలోమీటర్లనుకొందము. ఉదయము 6 గంటలకు ఒక బస్సు విజయవాడనుండి గంటకు 40 కిలోమీటర్ల వేగముతోను, అదే వేళకు ఇంకొక బస్సు రాజమహేంద్రవరమునుండి గంటకు 35 కిలోమీటర్ల వేగముతోను ఒకదాని కొకటి యెదురుగ బయలుదేరినవి. అవి యెప్పుడు కలిసికొనును? మొదటి గంటలో ఒకటి 40, రెండవది 35 కిలోమీటర్లు వచ్చును గనుక, వాని నడుమ నున్న యెడము 75 కిలోమీటర్లు తరిగిపోవును. 150 కిలోమీటర్ల యెడము తరుగుటకు 2 గంటలు పట్టును. 8 గంటలకు అవి కలిసికొనును. ఇచ్చట మనము బస్సులను గాక, వాని నడుమ నున్న యెడమును కనిపెట్టి చూచితిమి. మొదటి బస్సులో కూర్చున్నవాడు తాను కదలుట లేదనుకొన్నచో, రెండవ బస్సు గంటకు 75 కిలోమీటర్ల వేగముతో తన వైపునకు వచ్చుచున్నట్లే యుండును. దీనినే సాపేక్షవేగమందురు.

ఇక ఒకే దిక్కునకు బోవువారి సంగతి. తమ్ముడు సైకిలుమీద గంటకు 8 కిలోమీటర్ల వేగముతో బయలుదేరెను. అరగంట గడచిన పిమ్మట అన్న గంటకు 12 కిలోమీటర్ల వేగముతో వాని వెంట బడెను. అన్న బయలుదేరునప్పటికి తమ్ముడు 4 కిలోమీటర్లు ముందున్నాడు. అన్న గంటకు 12 కిలోమీటర్లు తొక్కినను, తమ్ముడును ఊరకుండక 8 కిలోమీటర్లు ముందుకు బోవుచునే యున్నాడు. కాబట్టి యెడము గంటకు 4 కిలోమీటర్లు మాత్రమే తరుగును; అన్న తమ్ముని కలిసికొనుటకు ఒక గంట పట్టును. అప్పటికి ఇద్దరును ఇంటినుండి 12 కిలోమీటర్ల దూరమున నుందురు. తమ్ముడు పోవు బడి 12 కిలోమీటర్లకంటె దగ్గరగ నున్నచో వాడు అన్నకు దారిలో చిక్కడు. ఇట్టి మాట ప్రశ్నపత్రమున నుండదు గాని, జవాబునకు గీత గీయుటకు ముందు ఇంతమాత్రము ఆలోచించుకొనుట మంచి యలవాటు.

ఈ రెండు సంగతులును మన దేశమున బహుకాలమునుండి తెలిసినవే. క్రీ. శ. 499 ప్రాంతమున ఆర్యభటుడు రచించిన ఆర్యభటీయమున గణితపాదమను భాగము గలదు. ఎదురెదురుగ వచ్చు రెంటి నడుమ దూరమును వేగముల మొత్తముచేతను, ఒకే దిక్కున బోవు రెంటి నడుమ దూరమును వేగముల భేదముచేతను భాగించినచో అవి కలిసికొను కాలము వచ్చునని ఆతడు అందొక శ్లోకమున నిమిడ్చెను. ఆతనికి బస్సులతో పని లేదు. ఆకాశమున గ్రహములు ఒకదానినొకటి యెప్పుడు కలిసికొనునో తెలియుటకు ఈ విధి కావలసి వచ్చెను. తెలుగువారికి ఇట్టి గణితమును పద్యములలో నందించినవాడు పావులూరి మల్లన. ఆతడు 11వ శతాబ్దమువాడు. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెనిగించెను. లెక్కయనిన పద్యమువలె నోట బట్టవలసినదని కొందరు విద్యార్థులు నేటికిని తలంచుటకు ఆ పెద్దలు కారణము కారు. వారు విధిని పద్యముగ జెప్పినను, దానిని నడుపుటకు బుద్ధి కావలెనని యెరిగినవారే.

రైలుబండ్ల లెక్కలలో ఒక చిక్కు గలదు. దానిని మాత్రము చూపి నదికి బోదము. 180 మీటర్ల పొడవు గల బండి గంటకు 54 కిలోమీటర్ల వేగముతోను, 120 మీటర్ల పొడవు గల బండి గంటకు 36 కిలోమీటర్ల వేగముతోను ప్రక్క ప్రక్క పట్టాలమీద ఎదురెదురుగ వచ్చుచున్నవి. సాపేక్షవేగము గంటకు 90 కిలోమీటర్లు, అనగా సెకండునకు 25 మీటర్లు. ఒకదాని నొకటి పూర్తిగ దాటుటకు రెండు పొడవుల మొత్తమగు 300 మీటర్లు గడువవలెను; 12 సెకండ్లు పట్టును. ఇంతవరకు అందరును చేయుదురు. ఇప్పుడు ప్రశ్నను కొంచెము త్రిప్పుదము. పెద్దబండిలో కిటికీయొద్ద కూర్చున్న పిల్లవాని కన్నులయెదుట చిన్నబండి యెంతసేపు కానవచ్చును? తరగతిలో సగముమంది మరల 12 అనియే వ్రాయుదురు. కాని పిల్లవాడు ఒక చోట కూర్చున్నాడు. తన బండి పొడవుతో వానికి పని లేదు. చిన్నబండి యొక్క 120 మీటర్లు మాత్రమే వాని కన్నులముందు గడువవలెను. 120ని 25చేత భాగించినచో 4.8 సెకండ్లు. ఎవరి కన్నులతో చూచుచున్నామో తేల్చుకొనకుండ లెక్కకు దిగరాదనుటకు ఇంతకంటె సులభమైన నిదర్శనము మాకు దొరకలేదు.

ఇక నదికి వత్తము. రోడ్డుమీద బస్సు బోవునపుడు రోడ్డు కదలదు. నదిలో పడవ బోవునపుడు పడవక్రింది "రోడ్డు" తానే కదలుచున్నది. భేదమంతయు ఇందే కలదు. తెడ్డు వేయువాడు నీటిని వెనుకకు నెట్టును గాని గట్టును నెట్టడు. కావున పడవ యెరిగినది నీటినే. పడవ నీటినిబట్టి గంటకు 11 కిలోమీటర్లు పోగలిగినచో, నీరు నిలిచియున్నను పారుచున్నను నీటినిబట్టి అది పోవునది ఆ 11 కిలోమీటర్లే. నీరు గంటకు 3 కిలోమీటర్ల వేగముతో దిగువకు బారుచున్నచో, ఆ నీటితోబాటు పడవయు, పడవలోని వారును, ప్రక్కన తేలు గడ్డిపోచయు అన్నియు గంటకు 3 కిలోమీటర్లు దిగువకు జరుగును. పడవ దిగువకు ముఖము పెట్టినపుడు ఈ జరుగుట దాని నడకకు తోడగును. గట్టుమీదివానికి 14 కిలోమీటర్ల వేగము కానవచ్చును. ఎగువకు ముఖము పెట్టినపుడు ఈ జరుగుట దాని నడకను కొంత హరించును. 8 కిలోమీటర్లు కానవచ్చును. కూడుటయు దీసివేయుటయు ఇందువలన గలిగినవే.

ప్రశ్న తలక్రిందుగ నడిగినను ఇదియే తోడ్పడును. దిగువకు 14, ఎగువకు 8 అని యిచ్చి, పడవవేగ మెంత, ప్రవాహవేగ మెంత యని యడుగుదురు. రెంటిని కూడినచో ప్రవాహము ఒకచోట కలిసి, ఒకచోట తీసివేయబడి, మాయమగును. మిగిలిన 22 పడవవేగమునకు రెట్టింపు. రెంటి భేదమగు 6లో పడవవేగము మాయమగును. మిగిలినది ప్రవాహవేగమునకు రెట్టింపు. కావున 11, 3.

ఆర్యభటీయములోనే గోళపాదమున పడవ ప్రస్తావన మరియొకటి యున్నది. పడవలో ముందుకు బోవువానికి గట్టుననున్న కదలని వస్తువులు వెనుకకు బోవుచున్నట్లు తోచునట్లే, కదలని నక్షత్రములు పడమటికి బోవుచున్నట్లు తోచునని ఆర్యభటుడు చెప్పెను. భూమి తన చుట్టు తాను తిరుగుచున్నదని గ్రహించుటకు పడవప్రయాణపు అనుభవము చాలిన దన్నమాట! తరువాతి వ్యాఖ్యాతలు కొందరు ఈ శ్లోకమునకు వేరర్థము చెప్ప యత్నించిరి గాని, ఆతని తలంపు స్పష్టముగనే యున్నది.

ఇప్పుడు అందరును మోసపోవు లెక్క నొకదానిని జూడుడు. నిలుకడ నీటిలో గంటకు 12 కిలోమీటర్లు పోగల పడవ, గంటకు 4 కిలోమీటర్లు ప్రవహించు నదిలో 24 కిలోమీటర్లు దిగువకు బోయి, తిరిగి బయలుదేరిన రేవునకు వచ్చెను. ఎంత కాలము పట్టెను? తెలివిగలవా రనిపించుకొనువారు చటుక్కున 4 గంటలందురు. పోవునపుడు ప్రవాహము చేసిన మేలు, వచ్చునపుడు అది చేసిన కీడుతో సరిపోవునని వారి వాదము. చేసి చూతము. పోవునపుడు వేగము 16. 24 కిలోమీటర్లకు గంటన్నర. వచ్చునపుడు వేగము 8. 24 కిలోమీటర్లకు 3 గంటలు. మొత్తము నాలుగున్నర గంటలు. సరాసరి వేగము 48ని నాలుగున్నరచేత భాగింపగా సుమారు 10.67 వచ్చును గాని 12 రాదు.

మేలును కీడును ఏల సరిపోలేదు? ప్రవాహము మేలుచేసినది గంటన్నరసేపు మాత్రమే. కీడు చేసినది మూడు గంటలసేపు. దూరములు సమానములే గాని కాలములు సమానములు కావు. వేగములకు సరాసరి కట్టునపుడు చూడవలసినది కాలమును. ఇంకను సందేహ మున్నచో ప్రవాహమును పెంచి చూడుడు. నీటివేగము గంటకు 11 అయినచో, పోవుటకు గంటకు దాదాపు 3 నిమిషములు మాత్రము ఎక్కువ పట్టును. వచ్చుటకు 24 గంటలు, అనగా ఒక పగలును ఒక రాత్రియు బట్టును! నీటివేగము 12 అయినచో ఆ పడవ యెన్నటికిని తిరిగి రాదు. సంఖ్యలను ఇట్లు చివరిదాక లాగి చూచుట మంచి పరీక్ష. "నాలుగు గంటలే" యన్నవాడు, ఎన్నటికి తిరిగిరాని పడవకును నాలుగు గంటలే యని చెప్పవలసి వచ్చును.

తరువాతి లెక్క మాకు మిక్కిలి యిష్టమైనది. కోనసీమ కొబ్బరికాయలు నింపుకొని ఒక పడవ ఏటి కెదురుగ బోవుచున్నది. సరిగా వంతెనక్రిందికి వచ్చునప్పటికి ఒక కాయ జారి నీటిలో బడి తేలిపోయెను. పడవవాడు దానిని చూడలేదు. అరగంట గడచిన పిమ్మట లెక్క చూచుకొని, పడవను త్రిప్పి, తెడ్డువేయు బలమును హెచ్చింపక తగ్గింపక వెనుకకు వచ్చి, వంతెనకు 3 కిలోమీటర్ల దిగువన ఆ కాయను బట్టుకొనెను. ప్రవాహవేగ మెంత?

బీజగణితము వచ్చినవారు పడవవేగమునకు ఒక యక్షరమును, నీటివేగమునకు ఒక యక్షరమును, తిరుగుప్రయాణపు కాలమునకు ఇంకొక యక్షరమును బెట్టి సమీకరణములు వ్రాయుదురు. పుట నిండును. తెలియనివి మూడు, తెలిసిన సంగతులు రెండే గదా యని కొందరు మధ్యనే విడిచిపెట్టుదురు. కొనసాగించినవారికి మాత్రము పడవవేగమును సూచించు అక్షరము తనంతట తానే కొట్టుడుపోయి, తిరుగుప్రయాణము సరిగా అరగంట యని తేలును. అది యెట్లు కొట్టుడుపోయెనో వారికి వింతగ నుండును.

నీటిమీద కూర్చున్నవానికి అందు వింత యేమియు లేదు. కొబ్బరికాయకు సొంత నడక లేదు. అది నీటితో బోవుచున్నది. నీటినిబట్టి చూచినచో అది పడినచోటనే యున్నది. పడవ దానిని విడిచి అరగంటసేపు ఒక వేగముతో దూరముగ బోయినది. అదే వేగముతో తిరిగి దానియొద్దకు రావలెను. పోవుటకు అరగంట పట్టినచో వచ్చుటకును అరగంటయే పట్టును. ఇంటిలో మరచిన పుస్తకమునకై సగము దారినుండి వెనుదిరిగిన పిల్లవాని నడకవంటిదే ఇది. మొత్తము ఒక గంట. ఆ గంటలో కాయ వంతెననుండి 3 కిలోమీటర్లు కొట్టుకొనిపోయినది. కావున ప్రవాహవేగము గంటకు 3 కిలోమీటర్లు. పడవవేగము అడుగనక్కరయే లేదు. నమ్మనివారు పడవవేగము 5 అనియు, మరల 9 అనియు బెట్టి గట్టునుండి లెక్కించి చూచుకొందురు గాక. 5 అయినచో పడవ వంతెనకు ఒక కిలోమీటరు ఎగువకు బోయి, గంటకు 8 చొప్పున 4 కిలోమీటర్లు దిగివచ్చును, అరగంట. 9 అయినచో 3 కిలోమీటర్లు ఎగువకు బోయి, గంటకు 12 చొప్పున 6 కిలోమీటర్లు దిగివచ్చును, అరగంటయే.

ఇంతవరకు పడవ ఎగువకో దిగువకో పోయినది. ఏటిని అడ్డముగ దాటుటలో ఇంకొక విశేషము గలదు. ఏటి వెడల్పు 600 మీటర్లు, పడవవేగము గంటకు 5, నీటివేగము గంటకు 3 కిలోమీటర్లు అనుకొనుడు. ముక్కును నేరుగ ఆవలి గట్టువైపునకే పెట్టినచో, ఆ దిక్కున పడవకు పూర్తిగ 5 కిలోమీటర్ల వేగము కలదు. 600 మీటర్లకు 7 నిమిషముల 12 సెకండ్లు పట్టును. ప్రవాహము పడవను దిగువకు జరుపును గాని, ఆవలి గట్టును దగ్గర చేయదు, దూరమును చేయదు. ఆ కాలములో పడవ 360 మీటర్లు దిగువకు జరిగి అచ్చట గట్టు చేరును. సరిగా ఎదుటి రేవునకే చేరవలెననినచో ముక్కును ఎగువకు వాల్చి పట్టవలెను. 5 కిలోమీటర్ల వేగములో 3 ప్రవాహమును ఎదిరించుటకు ఖర్చగును. మిగులునది 2 కాదు సుమా! ఇవి ఒకే గీతమీది వేగములు కావు. లంబకోణ త్రిభుజముయొక్క భుజములు. కర్ణము 5, ఒక భుజము 3 అయినచో రెండవ భుజము 4. గంటకు 4 కిలోమీటర్ల చొప్పున 600 మీటర్లకు 9 నిమిషములు. త్వరగా గట్టు చేరవలె ననుకొన్నవానికి ఒక దారి. ఎదుటి రేవునకే చేరవలె ననుకొన్నవానికి వేరొక దారి. నీటివేగము 5కు మించినచో ఎదుటి రేవును చేరుట ఆ పడవకు అసాధ్యము. రేవు పడవలవారు ముందుగ గట్టువెంబడి కొంతదూరము ఎగువకు బోయి అచ్చటనుండి పడవను ఏటికి విడుచుట యిందువలననే.

ఇచ్చట ప్రాణముతో సంబంధించిన సంగతి యొకటి వచ్చినది. ప్రతి సంవత్సరమును స్నానమునకో ఈతకో దిగి బాలురు ఏటిపాలగుట వినుచున్నాము. వారిలో ఈత వచ్చినవారును ఉందురు. ఈత వచ్చినవాడు ఏల మునుగును? లెక్క చెప్పును. ఒక బాలుడు నీటినిబట్టి గంటకు 3 కిలోమీటర్లు ఈదగలడు. వాడు గట్టునుండి 40 మీటర్లు లోపలికి బోయినాడు. అచ్చట నీరు గంటకు 3.6 కిలోమీటర్లు, అనగా సెకండునకు ఒక మీటరు చొప్పున బారుచున్నది. మెట్లనుండి దూరముగ కొట్టుకొనిపోవుచున్నానని గ్రహించి, బట్టలు విడిచిన ఆ మెట్లవైపునకే తిరిగి, ప్రవాహమున కెదురుగ శక్తికొలది ఈదుట మొదలు పెట్టును. అప్పుడు నిమిషమునకు 10 మీటర్లు వెనుకకే పోవుచుండును. పది నిమిషములు ఈదినను, మెట్లు 100 మీటర్లు ఇంకను దూరమగును, చేతులు సొమ్మసిల్లును. ఆ బాలుడే మెట్లమాట మరచి, నేరుగ గట్టువైపునకు ముఖము పెట్టినచో, 40 మీటర్లకు 48 సెకండ్లు పట్టును. ఆ కాలమున ప్రవాహము వానిని 48 మీటర్లు దిగువకు దీసికొనిపోవును. అచ్చట గట్టెక్కి, 48 మీటర్లు నడచివచ్చి బట్టలు తొడుగుకొనవచ్చును. బాలుడు అదే, బలము అదే, నీరు అదే. ముఖము పెట్టిన దిక్కు మాత్రము వేరు.

మనుష్యుని ఈతకు గల హద్దును గూడ తెలిసికొనదగును. 2024లో పారిస్ ఒలింపిక్ క్రీడలలో చైనా దేశపు పాన్ జాన్‌లె 100 మీటర్లను 46.40 సెకండ్లలో ఈది ప్రపంచమున క్రొత్త మేరను స్థాపించెను. ఆ వేగము గంటకు సుమారు 7.8 కిలోమీటర్లు, అదియు ముక్కాలు నిమిషము సేపే. వరదలో నీరు సెకండునకు 3 మీటర్ల చొప్పున బారినచో గంటకు 10.8 కిలోమీటర్లగును. ఆ యీతగాడును అందు ఎదురీదలేడు.

పుస్తకములోని నదికిని నిజమైన నదికిని కొంత భేదము గలదు. పుస్తకములో నీరంతయు ఒకే వేగముతో బారును. నిజమునకు గట్టులయొద్దను అడుగునను రాపిడివలన నీరు మెల్లగ నుండి, నడుమ వడిగ నుండును. పడవలవారు ఎగువకు బోవునపుడు గట్టును ఆనుకొని పోవుదురు. దిగువకు వచ్చునపుడు నడుమను బట్టుదురు. వారు లెక్క వ్రాయకపోయినను లెక్క తెలిసినవారే. మరియు నది యిరుకైనచోట, లోతు తగినంత హెచ్చనిచో, నీటివడి హెచ్చవలెను. ఏలయనగా ఎగువ వచ్చిన నీరంతయు అదే కాలమున ఆ యిరుకుగుండ పోవలెను గదా. పాపికొండల నడుమ గోదావరి ఇట్లే యొదిగి ప్రవహించును. అచ్చట లోతును, సుడులును గూడ ఎక్కువ. ఆ ప్రాంతముననే కచ్చులూరు వద్ద 2019 సెప్టెంబరు 15న, వరదనీటిలో, విహారమునకు బోయిన పడవ మునిగి అనేకులు మరణించిరి. ధవళేశ్వరమువద్ద నీరు 10 లక్షల క్యూసెక్కులైనపుడు మొదటి ప్రమాద సూచనయు, 13 లక్షలైనపుడు రెండవదియు, 17 లక్షలైనపుడు మూడవదియు నిచ్చుట వాడుక. క్యూసెక్కనగా సెకండునకు ఒక ఘనపుటడుగు నీరు. 1986 ఆగస్టు వరదలో ఆ సంఖ్య 35 లక్షలు దాటెను. ఇట్టి నీటిలో సూత్రములు బ్రతికింపవు, దిగకుండుటయే లెక్క.

పై తరగతులవారికి ఒక మాట. అడ్డముగ దాటిన పడవ లెక్కలో, 600 మీటర్ల యెదుటి రేవునకు బోయి తిరిగి వచ్చుటకు 18 నిమిషములు పట్టునని తేలినది. అదే పడవ అదే దూరము, అనగా 600 మీటర్లు, దిగువకు బోయి తిరిగి వచ్చినచో? దిగువకు 8 చొప్పున నాలుగున్నర నిమిషములు, ఎగువకు 2 చొప్పున 18 నిమిషములు. మొత్తము 22 నిమిషముల 30 సెకండ్లు. నిలుకడ నీటిలో 14 నిమిషముల 24 సెకండ్లే. ఈ రెండు ప్రయాణముల కాలభేదమును గట్టున గూర్చుండి కొలిచినచో, నీటిని తాకకయే ప్రవాహమున్నదని చెప్పవచ్చును. 1887లో అమెరికాలోని క్లీవ్‌లాండు పట్టణమున మైకెల్సన్, మోర్లీ యను శాస్త్రజ్ఞులు సరిగా ఈ లెక్కనే పడవకు బదులు వెలుతురుతో చేసిరి. వెలుతురు ఈథరను సూక్ష్మపదార్థమున అలలుగ బోవుననియు, భూమి దానిగుండ పోవుచున్నందున మనకు ఈథరు ప్రవాహము తగులవలె ననియు నాటివారి తలంపు. ఒక కిరణమును ఆ ప్రవాహపు దిక్కునను, ఒకదానిని దాని కడ్డముగను బంపి, రెండును తిరిగివచ్చుటలోని భేదమును వెదకిరి. వారు నిరీక్షించిన భేదము కనబడలేదు. సెకండునకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవు వెలుతురు, చూచువాడు ఎటు కదలినను అదే వేగముతో పోవునని 1905లో ఐన్‌స్టయిను సిద్ధాంతముగ నిలిపెను. కాబట్టి "దేనినిబట్టి" యను మన ప్రశ్నకు లోబడనిది శూన్యమున బోవు వెలుతురు వేగమొకటి. పడవలకును, బస్సులకును, కొబ్బరికాయలకును మన కూడికలు చాలును.

సెలవులలో చేయుటకు నాలుగు లెక్కలను క్రింద నిచ్చుచున్నాము. చేసినపిమ్మటనే జవాబులను జూడవలెను.

1. ఒక పడవ 30 కిలోమీటర్లు దిగువకు 2 గంటలలో బోయి, 3 గంటలలో తిరిగి వచ్చెను. పడవవేగ మెంత? ప్రవాహవేగ మెంత?

2. ఒక రేవునుండి ఇంకొక రేవునకు పడవ దిగువగ 4 గంటలలోను, ఎదురుగ 6 గంటలలోను బోవును. మొదటి రేవున నీటిలో విడిచిన కొయ్యదుంగ తనంతట తాను రెండవ రేవునకు ఎన్ని గంటలలో చేరును? దూర మీయలేదని చింతింపవలదు.

3. 36 కిలోమీటర్ల దూరమున నున్న రెండు రేవులనుండి రెండు పడవలు ఒకే వేళకు ఎదురెదురుగ బయలుదేరినవి. నిలుకడ నీటిలో ఎగువ రేవు పడవవేగము గంటకు 10, దిగువ రేవు పడవవేగము గంటకు 8 కిలోమీటర్లు. ఎన్ని గంటలకు కలిసికొనును? ప్రవాహవేగము చెప్పలేదు, అది కావలెనా? ప్రవాహము గంటకు 3 కిలోమీటర్లయినచో ఎచ్చట కలిసికొనును?

4. 300 మీటర్ల వెడల్పుగల యేటిలో నీరు గంటకు 4 కిలోమీటర్లు బారుచున్నది. గంటకు 3 కిలోమీటర్లు ఈదువాడు ముఖమును నేరుగ ఆవలి గట్టునకే పెట్టి ఈదెను. ఎంతసేపటికి, ఎంత దిగువన గట్టు చేరును? ఎదుటి రేవునకే చేరగలడా?

జవాబులు: 1. పడవవేగము గంటకు 12.5, ప్రవాహవేగము 2.5 కిలోమీటర్లు. 2. 24 గంటలు. 3. 2 గంటలకు, కాలమునకు ప్రవాహవేగము అక్కరలేదు, ఎగువ రేవునకు 26 కిలోమీటర్ల దిగువన. 4. 6 నిమిషములకు, 400 మీటర్ల దిగువన, చేరలేడు.